మీకు తెలుసా? బార్నకిల్ అంటే ఒకప్పుడు బాతు!

కాస్త ఇలా దగ్గరికి జరగండి, ఓ గమ్మత్తు చెబుతాను. ఓడల అడుగున, రేవు స్తంభాలకు, సముద్రపు రాళ్లకు తెల్లగా, గరుకుగా అతుక్కుని ఒక చిన్న జీవి ఉంటుంది. చూసుకోకుండా అరికాలు మోపితే చర్రున కోసేస్తుంది. ఇంగ్లీషులో దాని పేరు బార్నకిల్. ఆ పేరు దాని సొంతం కాదండీ! అరువు తెచ్చుకున్నది! అదీ ఒక పక్షి దగ్గర! ఇంగ్లీషులోకి ఆ మాట వచ్చాక 350 ఏళ్లకు పైగా బార్నకిల్ అంటే బాతే!

ఆ బాతు ఎలా ఉంటుందో తెలుసా? బొగ్గులాంటి మెడ, పాలలాంటి మొహం, వీపు మీద బూడిదరంగు చారలు. ఇప్పటికీ దాన్ని బార్నకిల్ గూస్ అనే పిలుస్తారు. చలికాలం మొదలవగానే ఐర్లండు, స్కాట్లండు తీరాల్లో గుంపులు గుంపులుగా దిగుతుంది. వసంతం ముగిసేలోగా మాయం! అక్కడివాళ్లు దాని గూడు చూడలేదు. గుడ్డు చూడలేదు. పిల్లనూ చూడలేదు! ఏడాదికి దాదాపు 5 నెలలు ఎటు పోతుందో ఎవరికీ తెలియదు!

ఇప్పుడు అదే తీరానికి కొట్టుకొచ్చిన దుంగను చూడండి. దాని నిండా ఒక రకం బార్నకిళ్లు వేలాడుతుంటాయి. ఒక్కోదానికి పొడుగాటి మెడలాంటి కాడ. ఆ కాడ చివర తెల్లటి గుల్ల, అచ్చం పక్షి ముక్కే! గుల్ల సందులోంచి నల్లగా, మెత్తగా తొంగిచూసే కుచ్చు, అచ్చం ఈకలే! నిజానికి అవి 5 పెంకులు కలిసిన గుల్ల, లోపల ఒక పురుగులాంటి ప్రాణి. కానీ కాస్త దూరం నుంచి చూస్తే? దుంగకు బాతుపిల్లలు కాసినట్టే ఉంటుంది!

ఇంకేముంది! తల్లి కనబడని పక్షి ఒకటి, పిల్ల కనబడని గుల్ల ఒకటి. జనం రెండింటికీ ముడిపెట్టేశారు! దుంగకు గుల్ల మొలుస్తుంది, గుల్లలో బాతు పెరుగుతుంది, ముదరగానే నీళ్లలోకి రాలి ఎగిరిపోతుంది! నాలుగు రోజుల పుకారు కాదిది. చదువుకున్నవాళ్లు, పుస్తకాలు రాసినవాళ్లు, రాజుల కొలువులో ఉన్నవాళ్లు దాదాపు 500 ఏళ్ల పాటు రాస్తూ వచ్చిన మాట!

దీని మీద పొడుపుకథ కూడా ఉంది! ఇంగ్లండులో ఎక్సెటర్ పుస్తకం అని ఒక పాత రాతప్రతి ఉంది, వెయ్యేళ్ల నాటిది. అందులో ఒక ప్రాణి తన కథ తానే చెప్పుకుంటుంది. నీళ్లలో మునిగి, కొయ్యను అంటిపెట్టుకుని పెరిగిందట. తర్వాత గాలిలోకి లేచిందట. పండితులు చెప్పే విడుపు ఏమిటో ఊహించండి. బార్నకిల్ బాతు! పండితుల లెక్కలో అది 10వ పొడుపు!

1188 ప్రాంతంలో జెరాల్డ్ ఆఫ్ వేల్స్ అనే మతాచార్యుడు ఐర్లండు గురించి ఒక పుస్తకం రాశాడు. అందులో ఈ పక్షులను లాటిన్‌లో బెర్నకే అన్నాడు. మన బార్నకిల్ మాటకు తాత అదే! ఎవరో చెబితే విన్నానని కాదు, కళ్లారా చూశానని రాశాడు! సముద్రపు ఒడ్డున ఒకే దుంగకు 1,000కి పైగా చిన్ని పక్షి శరీరాలు వేలాడుతున్నాయట! ఆయన చూసినవి గుల్లలు. ఆయన మనసు చూసినవి బాతులు!

అసలు రుచి ఇక్కడుంది! ఈస్టరుకు ముందు 40 రోజుల తపస్సు కాలం. మాంసం ముట్టకూడదు. కానీ చెక్కలోంచి పుట్టిన బాతు మాంసం ఎలా అవుతుంది? ఈ తర్కంతో కొన్నిచోట్ల బిషప్పులు, సన్యాసులు ఉపవాసంలోనే బాతును హాయిగా తినేసేవారని జెరాల్డే రాశాడు! అది తప్పని కూడా గట్టిగా వాదించాడు. ఆదాము కాలు తింటే అది మాంసం కాదంటామా అన్నది ఆయన వాదన. ఆదామూ తల్లి కడుపున పుట్టలేదు కదా!

చివరికి పోపు దాకా వెళ్లింది వ్యవహారం! 1215లో రోములో జరిగిన మహాసభలో మూడో ఇన్నోసెంట్ పోపు ఈ బాతును ఉపవాస దినాల్లో తినరాదని నిషేధించాడని విన్సెంట్ ఆఫ్ బోవే అనే ఆనాటి గ్రంథకర్త రాసిపెట్టాడు. పుట్టుక ఎలాంటిదైతేనేం, తిండి, నడవడి అన్నీ బాతువే కదా అన్నారట! ఒక్క పక్షి కోసం పోపు నోరు విప్పాల్సి వచ్చింది చూడండి!

యూదుల ఇళ్లలోనూ ఇదే తర్జనభర్జన! చెట్టుకు కాసినది పండా? నీళ్లలో పెరిగినది చేపా? గుల్లలోది కాబట్టి అసలు తినకూడనిదా? ఫ్రాన్సులో రబ్బేను తామ్ అనే గొప్ప ధర్మవేత్త తీర్పు చెప్పాడు. ఇది పక్షే, పక్షిని కోసే పద్ధతిలోనే కోయాలి అన్నాడు! ఆయన కన్నుమూసింది 1171లో. అంటే జెరాల్డ్ కలం పట్టకముందే ఈ బాతు కథ సముద్రం దాటేసింది!

ఈ కథలో నాకు బాగా నచ్చిన మనిషి ఒకాయన ఉన్నాడు. చక్రవర్తి రెండో ఫ్రెడరిక్! డేగవేట అంటే ఆయనకు ప్రాణం. పక్షుల మీద పెద్ద గ్రంథమే రాశాడు. చెట్టుకు బాతులు కాస్తాయని విని నమ్మేసి ఊరుకోలేదు. ఉత్తరాదికి మనుషులను పంపించి ఆ గుల్లలున్న దుంగలనే తెప్పించుకున్నాడు! విప్పి చూశాడు. ముక్కు లేదు, రెక్క లేదు, పక్షి పోలికే లేదు! మనిషి చేరని దూరాల్లో ఈ బాతులు గుడ్లు పెడుతుండాలని తేల్చేశాడు. ఆయన పోయింది 1250లో. ఆ మాట నిజమని జనం ఒప్పుకోవడానికి ఇంకా శతాబ్దాలు పట్టింది!

అదే 13వ శతాబ్దంలో ఆల్బర్టస్ మాగ్నస్ అనే మహాపండితుడు కూడా ఇదంతా అబద్ధమన్నాడు. ఆ బాతులు జతకట్టడం, గుడ్లు పెట్టడం తానే చూశానని రాశాడు! అయినా విన్నదెవరు? కథ అంత కమ్మగా ఉంటే గుడ్డు ఎవరికి కావాలి!

మాండెవిల్ యాత్రలు అనే 14వ శతాబ్దపు పుస్తకం ఇంకో మెట్టు ఎక్కింది. తూర్పున ఒక దేశంలో కాయ కోస్తే లోపల గొర్రెపిల్ల ఉంటుందని అక్కడివాళ్లు చూపించారట. మన యాత్రికుడు ఏమాత్రం తగ్గలేదు! మా దగ్గర చెట్లకు పక్షులే కాస్తాయి తెలుసా అన్నాడట! ఈసారి నోరు తెరవడం వాళ్ల వంతయింది!

1435లో ఇటలీకి చెందిన ఏనియాస్ సిల్వియస్ అనే రాయబారి స్కాట్లండు వెళ్లాడు. తర్వాత రెండో పయస్ పోపు అయింది ఈయనే! చలిలో వణుకుతూనే బాతుల చెట్టు ఎక్కడని అడిగాడు. ఇక్కడ కాదు, ఇంకా ఉత్తరాన ఆర్క్నీ దీవుల్లో అన్నారు! అద్భుతాల వెంట పడుతుంటే అవి వెనక్కి వెనక్కి జరుగుతూ పోతాయని ఆయన రాసుకున్నాడు. ఎంత బాగా పట్టుకున్నాడో!

ఇప్పుడు ఊపిరి బిగపట్టండి! 1596 జూన్. డచ్చి నావికుడు విల్లెం బారెంట్స్ ఓడ మంచు సముద్రంలో స్పిట్స్‌బెర్గెన్ దీవులకు చేరింది, దాదాపు 80వ అక్షాంశానికి! అక్కడ నేల మీద గూళ్లు. గూళ్లలో గుడ్లు. గుడ్ల మీద బాతులు! ప్రతి చలికాలం హాలెండులో దిగే బాతులే అవి! అవి బార్నకిల్ బాతుకు దగ్గరి చుట్టమైన బ్రెంట్ బాతులు. ఆ రోజుల్లో రెండింటినీ ఒకే పేరుతో కలిపేసేవారు. వాటి రహస్యం ఇన్నాళ్లకు బయటపడిందని ఆ ఓడలోని గెరిట్ డి వీర్ తన యాత్రాకథలో రాశాడు. చెట్టూ లేదు, దుంగా లేదు. వేల మైళ్ల అవతల మంచులో మామూలు గుడ్లు!

మరి మరుసటి ఏడాది లండన్‌లో ఏం జరిగిందో చెప్పమంటారా? 1597లో జాన్ జెరార్డ్ తన మొక్కల మహాగ్రంథాన్ని అచ్చు వేశాడు. దాదాపు 1,400 పేజీలు! ఆ గ్రంథపు ఆఖరి అధ్యాయం దేని మీద? బాతుల చెట్టు మీద! బొమ్మతో సహా! కొమ్మకు గుల్లలు, గుల్లల్లోంచి జారుతున్న బాతుపిల్లలు! లాంకషైర్ తీరాన ఒక చిన్న దీవిలో తన కళ్లతో చూశానని, తన చేతులతో తాకానని రాశాడు. గుడ్లు దొరికిన మరుసటి ఏడే చెట్టు అచ్చుకెక్కింది!

అంతటితో ఆగలేదు! లండన్ రాయల్ సొసైటీ పేరు విన్నారుగా? ఆ సంఘం పుట్టినప్పుడు తొలి అధ్యక్ష స్థానంలో కూర్చున్నది సర్ రాబర్ట్ మోరే. స్కాట్లండు దీవుల్లో ఒక దుంగ మీది గుల్లలు విప్పి చూశానని ఆయన రాశాడు. ప్రతి గుల్లలోనూ ముక్కు, కళ్లు, మెడ, రెక్కలు, తోక, కాళ్లతో చిట్టి పక్షి కనిపించిందట! సొసైటీ తన పత్రికలో 1678లో దాన్ని అచ్చేసింది! మరో తొమ్మిదేళ్లకు న్యూటన్ తన మహాగ్రంథం తెచ్చిన సంఘమే సుమా అది!

ఇక పేరు సంగతి! బాతు గుల్లలోంచి వస్తుందని నమ్మినప్పుడు ఆ గుల్లను ఏమనాలి? బాతు పేరే పెట్టేశారు! ఇంగ్లీషులో 1580ల నుంచి గుల్ల జీవినీ బార్నకిల్ అనడం కనిపిస్తుంది. మాట బాతు మీంచి గుల్ల మీదికి దూకేసింది! ఈ రోజు ఉత్త బార్నకిల్ అంటే గుల్లే. పేరు అసలు హక్కుదారేమో బార్నకిల్ గూస్ అని తోక తగిలించుకుని బతకాల్సి వస్తోంది!

షేక్స్‌పియర్ కూడా ఈ మాట వాడాడు! 1611 నాటి టెంపెస్ట్ నాటకంలో కాలిబన్ అనే పాత్ర, మాంత్రికుడు మమ్మల్నందరినీ బార్నకిళ్లుగా మార్చేస్తాడని భయపడతాడు. బాతులుగానా, గుల్లలుగానా? పండితులు ఇప్పటికీ రెండు వైపులా వాదిస్తారు! ఆ రోజు నాటకశాలలో ఉన్నవాళ్లకు మాత్రం అది పెద్ద ప్రశ్నే కాదు. రెండూ ఒకటే కదా!

ఇంగ్లీషువాళ్లే ఇలా అనుకోకండి! జర్మన్‌లో ఈ కాడ బార్నకిల్ పేరుకు అర్థం బాతు ఆల్చిప్ప. డచ్చిలోనూ బాతు ఆల్చిప్పే! ఫ్రెంచిలో దాన్ని అనాతిఫ్ అంటారు, అంటే బాతులను మోసేది! సముద్రం చుట్టూ 3 భాషలు, మూడింటిలోనూ ఆ గుల్లలోంచి బాతు తొంగిచూస్తూనే ఉంది!

శాస్త్రవేత్తలు కూడా ఈ కథ నుంచి తప్పించుకోలేదు! 1758లో లిన్నేయస్ ఈ గుల్లకు శాస్త్రీయనామం పెట్టాడు. ఏమనో తెలుసా? లెపాస్ అనాటిఫెరా! బాతులను కనే లెపాస్ అన్నమాట! ఈ రోజుకీ ప్రపంచమంతటా పరిశోధన పత్రాల్లో అదే పేరు. పాత నమ్మకం లాటిన్ బట్టలు కట్టుకుని దర్జాగా తిరుగుతోంది!

ఇంకో తమాషా! అదే 1758 గ్రంథంలో లిన్నేయస్ బెర్నిక్లా అనే పేరును ఒక బాతుకు ఇచ్చాడు. ఏ బాతుకు? బార్నకిల్ బాతుకు కాదు! పక్కింటి బ్రెంట్ బాతుకు! అంటే బార్నకిల్ అనే మాట గుల్లకు ఇంగ్లీషులో దక్కింది, చుట్టానికి లాటిన్‌లో దక్కింది!

పేరంటే గుర్తొచ్చింది. ఐర్లండులో ఇది ఇంటిపేరు కూడా! గాల్వే ప్రాంతంలో ఓ కైన్ అనే ఐరిష్ ఇంటిపేరు ఉంది. అందులో దాగిన కైన్ అనే ఐరిష్ మాటకు అర్థం అడవిబాతు. ఇంగ్లీషులోకి మార్చేటప్పుడు బార్నకిల్ అయింది! ఆ ఇంటిపేరున్న అమ్మాయే నోరా బార్నకిల్. 1904 జూన్ 16న రచయిత జేమ్స్ జాయిస్ ఆమెతో మొదటిసారి షికారుకు వెళ్లాడు. తర్వాత తన యులిసిస్ నవల మొత్తాన్నీ ఆ ఒక్క రోజులోనే నడిపించాడు! ఆ అమ్మాయి పేరు వినగానే, అయితే మావాణ్ని ఇక వదలదులే అని జాయిస్ తండ్రి నవ్వాడట. వదల్లేదు! జాయిస్ పోయేదాకా, దాదాపు 37 ఏళ్లు తోడుగా ఉంది!

టిన్‌టిన్ బొమ్మల కథలు చదివారా? కెప్టెన్ హాడక్‌కు కోపం వస్తే నోట్లోంచి బార్నకిళ్లే ఊడిపడతాయి! ఫ్రెంచిలో ఆయన తిట్టేది ఓడ ఫిరంగుల కిటికీల పేరుతో. బార్నకిళ్లను తెచ్చి పెట్టింది ఇంగ్లీషు అనువాదకులు! 1941లో పుస్తకంగా వచ్చిన ఎండ్రకాయ కథలో మొదట కనిపించిన ఆ కెప్టెన్ పుణ్యమా అని, సముద్రం చూడని పిల్లలకూ ఈ మాట నోరు తిరిగింది!

ఇక పేరు వదిలి ప్రాణిని చూద్దాం! బార్నకిల్ చూడ్డానికి నత్తలా, ఆల్చిప్పలా ఉంటుందా? మోసపోకండి! అది రొయ్యకు, పీతకు చుట్టం! పిల్లగా ఉన్నప్పుడు ఈదుతూ తిరుగుతుంది. చోటు నచ్చగానే తల కింద పెట్టి అతికించేసుకుంటుంది. ఇక జీవితమంతా శీర్షాసనమే! పైన మిగిలిన 6 జతల కాళ్లను విసురుతూ తిండిని నోట్లోకి తోసుకుంటుంది. పాతకాలం వాళ్లు ఈకలనుకున్నవి ఆ కాళ్లే!

ఈ చుట్టరికం కనిపెట్టింది ఒక సైనిక వైద్యుడు! పేరు జాన్ వాఘన్ థాంప్సన్. ఐర్లండులో కార్క్ దగ్గర సముద్రంలో వలేసి, దొరికిన చిట్టి జీవులను గాజు పాత్రలో పెట్టి చూస్తూ కూర్చున్నాడు. ఈదే రొయ్యపిల్లలాంటిది ఉన్నట్టుండి అతుక్కుపోయి బార్నకిల్ అయింది! 1830లో ఆ సంగతి ప్రకటించాడు. అప్పటిదాకా మహామహులే దాన్ని నత్తల జాతిలో వేశారు! చూడండి, ఐర్లండులోనే జెరాల్డ్ తప్పు చూశాడు, ఐర్లండులోనే థాంప్సన్ నిజం చూశాడు!

పరిణామ సిద్ధాంతం చెప్పిన చార్లెస్ డార్విన్ తెలుసుగా? ఆ సిద్ధాంతాన్ని సొరుగులో పెట్టేసి బార్నకిళ్ల ముందు కూర్చున్నాడు! ఒకటి కాదు, రెండు కాదు, 8 ఏళ్లు! చిలీ తీరాన 1835లో దొరికిన ఒక బుల్లి బార్నకిల్‌తో మొదలైంది. గుండుసూది తలంత! దానికి గుల్లే లేదు. అదేమిటో తేల్చాలంటే మిగతావన్నీ చూడాలి కదా! ప్రపంచమంతటి నుంచి పెట్టెలు పెట్టెలుగా తెప్పించుకుని, నాలుగు సంపుటాలు రాశాడు. ఒక దశలో వాటి పేరెత్తితేనే విసుగొచ్చిందని మిత్రుడికి ఉత్తరం రాసుకున్నాడు పాపం! కానీ వదల్లేదు!

ఆయన పిల్లల ముచ్చట వినండి! పుట్టిన దగ్గర్నుంచీ నాన్న బార్నకిళ్లు కోయడమే చూశారు. ఒక పిల్లాడు పక్కింటికి వెళ్లి, ఈ ఇంటాయన తన బార్నకిళ్లు ఎక్కడ చేసుకుంటారని అడిగాడట! నాన్నలందరి పనీ అదే అనుకున్నాడు పాపం! ఆ శ్రమను కూడా లెక్కలోకి తీసుకునే డార్విన్‌కు 1853లో రాయల్ సొసైటీ పతకం ఇచ్చింది. బాతుపిల్లల కథ అచ్చేసిన ఆ సొసైటీయే!

డార్విన్‌ను నిర్ఘాంతపరచిన సంగతి ఒకటి చెవిలో చెబుతాను. ఒక జాతి ఆడ బార్నకిల్ గుల్ల తెరిచాడు. లోపల రెండు జేబుల్లాంటి మడతలు. ఒక్కో జేబులో ఒక్కో బుల్లి మొగుడు! జీవితమంతా అక్కడే కాపురం! 1849లో ఆయన ఈ వింతను మిత్రుడు లయెల్‌కు ఉత్తరంలో రాశాడు. ఆ ఉత్తరంలో ఆయన సంబరం చూడాలి!

విశాఖపట్నం వాళ్లూ, ఈ ముక్క మీకోసమే! మన హార్బరులో పడవల అడుగున, స్తంభాలకు తెల్లటి గుల్ల మీద ఊదారంగు నిలువు చారలతో అతుక్కునే బార్నకిల్ ఉంది చూశారా? దానికి యాంఫిట్రైటీ అనే పేరు పెట్టింది స్వయంగా డార్విన్! 1854లో! గ్రీకు సముద్రదేవత పేరది. ఈసారి రేవుకు వెళ్తే గీకి పారేసేముందు ఒక్కసారి వంగి చూడండి, డార్విన్ చేతి నామకరణం!

అంత చిన్న ప్రాణి ఓడను ఆపగలదా? ఆపుతుంది! అడుగున పాచి, బార్నకిళ్లు పేరుకుంటే నీళ్లు గీరుకుంటాయి, ఓడ బరువెక్కినట్టు ఈడుస్తుంది, ఇంధనం మంచినీళ్లలా ఖర్చవుతుంది. అమెరికా నౌకాదళంలో ఒక్క తరగతి యుద్ధనౌకలకే దీనివల్ల ఏటా 5.6 కోట్ల డాలర్లు పోతున్నాయని 2011లో లెక్కగట్టారు!

పాతకాలం నావికులు ఏం చేశారో తెలుసా? ఓడకు రాగి చొక్కా తొడిగారు! 1761లో బ్రిటిష్ నౌకాదళం అలారం అనే ఓడ అడుగుకు రాగిరేకు కొట్టించింది. చెక్క తొలిచే పురుగుకూ, అతుక్కునే బార్నకిల్‌కూ రాగి పడదు! ఫలితం ఎంత బాగుందంటే తర్వాత నౌకాదళమంతా రాగి చొక్కాలే!

తడి చేతికి టేపు అంటించి చూశారా? అంటదు! మరి అలల్లో, నీళ్లలో బార్నకిల్ ఎలా అంటుతుంది? ముందు నూనెలాంటి పదార్థంతో ఆ చోట నీటిని తోసేసి, తర్వాత జిగురు వేస్తుంది! అమెరికాలో ఎంఐటీ పరిశోధకులు ఈ కిటుకే పట్టుకుని 2021లో ఒక మందు ముద్ద చేశారు. జంతువుల మీద పరీక్షిస్తే, రక్తం కారుతున్న గాయానికి 15 సెకన్లలో అతుక్కుని రక్తాన్ని ఆపేసింది! ఓడలకు శత్రువు, గాయాలకు మిత్రుడు!

హంప్‌బ్యాక్ తిమింగలం ఒంటి మీద 450 కిలోల దాకా బార్నకిళ్లు ఉంటాయంటే నమ్ముతారా? ఒంటికి ఊళ్లు కట్టించుకుని తిరిగినట్టే! ఇవి దానికి పెద్దగా హాని చేయవు. కదిలే ఇల్లు, నోటి ముందుకే తిండి!

ఆ తిమింగలం బార్నకిల్ ఒక దినచర్య పుస్తకం కూడా! గుల్ల పెరిగే కొద్దీ, తాను తిరిగిన నీళ్ల గుర్తులు పొరల్లో మిగిలిపోతాయి. శాస్త్రవేత్తలు 2,70,000 ఏళ్ల నాటి శిలాజ బార్నకిళ్లను చదివి, ఆనాటి తిమింగలాలు కూడా ఇప్పటిలాగే వలస తిరిగేవని చెప్పారు! తిమింగలం పోయింది, దాని దారి బార్నకిల్‌లో ఉండిపోయింది!

స్పెయిన్‌లో దీన్ని వండుకుని తింటారు! గలీషియా తీరం. ఆ తీరంలో ఒక భాగం పేరే మృత్యుతీరం! నడుముకు తాడు కట్టుకుని, అలకూ అలకూ మధ్య రాళ్ల మీదికి దూకి, గీకి తెస్తారు. పండగ రోజుల్లో కిలో 100 యూరోలు కూడా దాటుతుంది! స్పానిష్‌లో దాని పేరు పెర్సెబె. బొటనవేలి కాలు అనే పాత లాటిన్ మాటలోంచి వచ్చింది. వాళ్లకు బాతు కనిపించలేదు, కాలివేలు కనిపించింది!

ఇది చెప్పేటప్పుడు గొంతు కాస్త తగ్గించాలి. 2014 మార్చి 8న 239 మందితో బయల్దేరిన మలేసియా విమానం ఎంహెచ్370 కనబడకుండా పోయింది కదా. మరుసటి ఏడాది రీయూనియన్ దీవి ఒడ్డుకు ఆ విమానం రెక్క ముక్క ఒకటి కొట్టుకొచ్చింది. దాని నిండా బార్నకిళ్లు. ఏ రకమో తెలుసా? లెపాస్ అనాటిఫెరా! బాతులను కనే ఆ గుల్లే! అది ఏ చల్లదనం నీళ్లలో, ఏ వెచ్చదనం నీళ్లలో పెరిగిందో గుల్ల పొరల్లో ఉంటుంది. ఆ పొరలను పట్టుకుని విమానం దారి వెతకాలని శాస్త్రవేత్తలు ఇంకా ప్రయత్నిస్తూనే ఉన్నారు.

మరి పేరు పోగొట్టుకున్న మన బాతు ఏమైంది? స్పిట్స్‌బెర్గెన్ దీవులున్న స్వాల్‌బార్డ్ ప్రాంతం నుంచి స్కాట్లండు సాల్వే తీరానికి వచ్చే మంద 1948 నాటికి దాదాపు 300కి పడిపోయింది! వేటే కారణం. తర్వాత కాపాడుకున్నారు. ఇటీవలి ఏళ్లలో 30,000 దాటాయి! చలికాలం పొద్దున ఆ ఆకాశం నల్లబడేది మబ్బులతో కాదు, రెక్కలతో!

చివరగా, వందల ఏళ్లు ఎవరి కంటా పడని ఆ గూటి దగ్గరికి వెళ్దాం రండి! గ్రీన్లండులో నిలువు కొండచరియ. నక్కలు ఎక్కలేనంత ఎత్తు. అక్కడ గూడు. గుడ్డు పగిలి పిల్ల బయటికొస్తుంది. ఒకటి రెండు రోజుల పసికూన. రెక్కలు రాలేదు. పైన తిండి లేదు, గడ్డి అంతా కిందనే. అమ్మ, నాన్న కిందికి దిగి పిలుస్తారు. పిల్ల అంచు దాకా వస్తుంది, తొంగిచూస్తుంది, దూకేస్తుంది! 120 మీటర్లు! దాదాపు 40 అంతస్తులు! రాళ్లకు తగిలి, ఎగిరిపడి, దొర్లుతుంది. బతికితే దులుపుకుని లేచి, అమ్మ వెనకాల నడక మొదలెడుతుంది!